పన్నెండు వేల మూడు వందల అరవై ఏడో చుక్క

పదిహేడో ఏట లెక్కలు నాకు చుక్కలు చూపించాయి.
నలభై ఆరో ఏట
మంగళవారం సాయంత్రాలు, వార్దో దీవి బడిలో
మళ్ళీ చూపిస్తున్నాయి,
ఈసారి నీలంగా, తెరమీద, ఒకదాని పక్కన ఒకటి.

బయట నవంబరు చివర్నుంచీ సూర్యుడు లేడు.
పీతల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చినదాన్ని,
వేళ్ళకింకా ఉప్పునీటి వాసన.
మౌస్ పట్టుకుంటే అదీ పీతలాగే పక్కకి జారుతుంది.

"సూత్రం తర్వాత. ముందు జరిపి చూడండి" అంటుంది రగ్న్‌హిల్,
మా పంతులమ్మ, మా అందరికంటే చిన్నది.
తెర అడుగున సన్నటి గీత, గీత మీద పూస,
దాని పేరు నిష్పత్తి.
సగం దగ్గర పెడితే
చుక్కలు గబగబా ఎక్కి, రెండు అనే గీత కింద
తల వంచుకుని నిలబడ్డాయి
పొట్టి గుమ్మంలో పొడుగు చుట్టాల్లా.

సున్నా దాటించి ఎడమకి లాగాను.
రుణం. పైకీ కిందకీ ఊగి ఊగి
అల పోయాక రేవులో కట్టిన పడవలా
సర్దుకున్నాయి.
ఇంకాస్త లాగి రుణం ఒకటి దగ్గర ఆపాను:
ఒకటి, సున్నా, ఒకటి, సున్నా.
అచ్చం మా దీపస్తంభం.
ఈసారి కుడివైపు, ఒకటి దాటించానో లేదో
చుక్కలన్నీ తెర విడిచి పారిపోయాయి.
వెతుక్కుంటూ జూమ్ వెనక్కి తిప్పుతూనే ఉన్నాను.

ఐలర్ట్‌ది నా పక్క బల్ల.
ముప్పై ఏళ్ళు కాడ్ చేపలు పట్టినవాడు.
కిందటి వేసవిలో పక్షవాతం.
ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు,
ఎవరో చూస్తుండమని అప్పజెప్పి వెళ్ళిన సంచీలా.
ఆరోజు అతని తెరమీద వేరే శ్రేణి:
ఒకటి, సగం, మూడోవంతు, పావు, అయిదోవంతు...
కలుపుకుంటూ పోతే
అయిదు వందల చుక్కలకి ఏడైనా దాటలేదు.
నత్తకి నిద్రొచ్చినట్టుంది ఆ నడక.
"ఆగిపోయింది" అన్నాడు ఐలర్ట్.
"కాఫీ పందెం. పది ముట్టదు."

రగ్న్‌హిల్ ఔననలేదు, కాదనలేదు.
గీత చివరున్న అయిదొందలు కొట్టేసి
ఇరవై వేలు అని రాసి వెళ్ళింది.

కుడిచేత్తో జరిపాడు.
వెయ్యి: ఏడున్నరకి వెంట్రుకవాసి తక్కువ.
అయిదు వేలు: తొమ్మిది, ఆ పైన చిటికెడు.
కంప్యూటరు ఫ్యాను రొద పెట్టింది.
కంటికి మాత్రం గాలిలేని రోజు సముద్రమంత చదును.
లోలోపల నేనూ ఐలర్ట్ పక్షమే.
పన్నెండు వేల మూడు వందల అరవై ఆరు:
ఇంకా పది కాలేదు.
మీట ఒక్కసారి నొక్కాడు.
అయింది.

కాసేపు ఎవరం మాట్లాడలేదు.
తర్వాత కాఫీ కప్పుతో చెప్పుకుంటున్నట్టు అడిగాడు:
"ఆసుపత్రిలోనూ ఒక గ్రాఫ్ చూపించారు.
మొదటి నెల పిడికిలి, రెండో నెల బొటనవేలు,
ఆ తర్వాత కొంచెం, కొంచెంలో కొంచెం.
చదునైపోయింది అన్నారు.
ఇందాకటి దానిలా ఆగేదా అది, దీనిలా ఆగనిదా?
ఎలా తెలుస్తుంది?"

"చూపుకి తెలీదు" అంది రగ్న్‌హిల్.
"రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి.
అడుగు చిన్నదవుతోందంటే సరిపోదు,
ఎంత తొందరగా చిన్నదవుతోందో చూడాలి.
ఇదీ లెక్కల మాటే. చేతి సంగతి నాకు తెలీదు."
ఓదార్చకుండా అంత మర్యాదగా మాట్లాడిన మనిషిని
నేను ఎక్కువమందిని చూడలేదు.

విరామంలో సోల్‌ఫ్రిడ్ తెచ్చిన యాపిల్ కేకు,
పళ్ళెంలో ఆఖరి ముక్క.
మావాళ్ళకి ఆఖరి ముక్క తీసుకోవాలంటే సిగ్గు.
ఒకరు సగం కోసుకున్నారు, ఇంకొకరు మిగిలిన సగంలో సగం,
నేను అందులో సగం,
చివరికి కత్తికి అంటుకున్నదాన్నీ ఎవరో
రెండు చేయబోతుంటే నవ్వొచ్చింది.
ఇది ఏ జాతిదో నాకు తెలుసు:
ఎన్ని కోతలు కోసినా ఒక్క ముక్కే.

తిరిగి వచ్చేసరికి
ఐలర్ట్ మౌసుని బల్లకి ఎడమవైపు పెట్టుకున్నాడు.
పూస వంకరగా కదులుతోంది, ఆగుతోంది,
వెనక్కి జారుతోంది, కదులుతోంది.
గీత చివర కొత్త హద్దు టైపు చేసి ఉంది: రెండు లక్షలు.

ఫ్యాను మళ్ళీ రొద మొదలెట్టింది.